తోడికోడలికి రాసిచ్చిన ఉత్తరం

మొన్న సోమవారం పొద్దున నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ప్రొద్దుటూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పైచదువుకు దరఖాస్తు పెట్టుకుంటోందట, చదువు చెప్పిన టీచరు ఒకరు తన గురించి నాలుగు మాటలు రాసి సంతకం పెట్టాలట. 'మీరైతే బాగా రాస్తారు మేడమ్' అంది. కాగితం ముందు పెట్టుకుని, కళ్లజోడు తుడుచుకుని, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాను. 'రేపు రామ్మా, కుదురుగా రాసిపెడతా' అని పంపించేశాను. పిల్ల మంచిది, చదువరి, వంక పెట్టడానికేమీ లేదు. ఒక మనిషి గురించి ఇంకొకరికి ఉత్తరం రాయడమంటేనే నాకు జంకు. నాలుగేళ్ల కిందట అట్లాంటి ఉత్తరం ఒకటి రాశాను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. అయినా అది గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

ఆ ఉత్తరం మా తోడికోడలి గురించి. మా ఆయన తమ్ముడి భార్య. వాళ్లు జమ్మలమడుగులో ఉంటారు, మేము ప్రొద్దుటూరులో. మధ్యలో బస్సుకు గంట కూడా పట్టదు గానీ, మా ఇద్దరి మధ్య దూరం అంతకంటే చాలా ఎక్కువని నేను అనుకునేదాన్ని. నేను చరిత్రలో ఎమ్మే చేసి, గవర్నమెంటు ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పి, గండికోట మీద రెండు వ్యాసాలు అచ్చు వేయించుకుని రిటైరైన మనిషిని. ఆమె పదో తరగతితో ఆపేసి, జాకెట్లు కుట్టుకునే మనిషి. రాజుపాలెం దగ్గర పొలాలున్న కుటుంబంలోకి ఇద్దరం కోడళ్లుగా వచ్చినా, మా అత్త నన్ను 'పెద్దమ్మి' అని, ఆమెను 'చిన్నమ్మి' అని పిలిచేది. ఈ పెద్ద, చిన్న అన్న మాటలు వయసుకు సంబంధించినవి మాత్రమే కావని నేను లోలోపల నమ్మాను. మామ పోయాక అత్త నా దగ్గరే ఉండేది. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగే. అందుకే కాబోలు, చిన్నమ్మి వస్తే ఆమె ముఖం విప్పారేది. దానికి కూడా నేను లోపల ఒక చిన్న ముడి వేసి పెట్టుకున్నాను.

మా తోడికోడలి కుట్టుమిషను ఉండేది ఒక పాత గచ్చుమిద్దె ముందరి గదిలో. మా వైపు మామూలు మిద్దెలకు దూలాలు, వాసాలు పరిచి పైన మట్టి వేస్తారు, ఏటా వానలకు ముందు చౌడుమట్టి చల్లుతారు. ఈ మిద్దెకు అట్లా కాదు. రాతి గోడలు, పైన సున్నంతో దట్టంగా కొట్టిన గచ్చు, నడిమింట్లోకి వెలుతురు దిగడానికి కప్పులో గవాచి. ఎప్పుడో వీధివాళ్లందరూ కలిసి కట్టించుకున్నదట. పెళ్లిళ్లు దానిలోనే జరిగాయంటారు, కరువు రోజుల్లో గంజి పోసిందీ దానిలోనే అంటారు. నేను చూసేనాటికి వెనకగదుల్లో వీధివాళ్ల పాత సామాను, విరిగిన మగ్గాలు, గబ్బిలాలు ఉండేవి. వానొస్తే ముందుగది ఒక్కటే కురవదు. కూలగొట్టి అంగళ్లు కడదామని వీధి పెద్దలు ప్రతి వేసవిలో అనుకునేవాళ్లు, ప్రతి వేసవిలో ఎవరి వాటా ఎంతన్న దగ్గర తెగక లేచిపోయేవాళ్లు. ఆ గదిలో మిషను తొక్కుతూ, కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్లు చెప్పేదంతా వింటూ మా తోడికోడలు పద్దెనిమిదేళ్లు గడిపింది. నేను ఆ మిద్దె చూసినప్పుడల్లా 'దీనికి శాసనం లేదు, తేదీ లేదు' అనుకుని ముందుకు పోయేదాన్ని.

ఆ ఏడు ఉగాదికి ముందు, బెంగళూరులోని ఒక సంస్థ ఫెలోషిప్ ప్రకటన మా రిటైరైన టీచర్ల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. పాత కట్టడాల సంరక్షణ, స్థానిక జనం చరిత్ర మీద ఏడాది పాటు పని చేయాలి. మా జిల్లాకు ఒకరిని తీసుకుంటారు. దానికి నేనే తగినదాన్నని నాకు ఎంత ఖాయంగా అనిపించిందంటే, దరఖాస్తు పెట్టకముందే మంచి తోలుసంచీ ఒకటి కొనుక్కున్నాను. పండగనాడు అందరూ ఓళిగలు తింటుండగా ఆ సంగతి చెప్పాను. అందరూ బాగుందన్నారు. మా తోడికోడలు మాత్రం నెయ్యి గిన్నె చేతిలో పట్టుకుని నిలబడిపోయింది.

'అక్కా, దానికి చదువు ఎంత ఉండాల?' అని అడిగింది.

'చదువు పట్టింపు లేదని రాసినారు. ఆ ఊళ్లో ఉండేవాళ్లయితే చాలంట' అన్నాను.

'అట్లైతే నేను గూడా రాయచ్చా? మా మిద్దె గురించి.'

నేను నవ్వాను. చెడ్డగా కాదు, పిల్లలు మేము కూడా కలెక్టరవుతామంటే నవ్వినట్టు. 'రాయచ్చు లేమ్మే, రాయడానికేముంది' అన్నాను.

ఆమె నిజంగానే రాసింది. కుట్టుకొలతల పుస్తకంలోంచి చింపిన కాగితాల మీద, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. దరఖాస్తుతో పాటు తెలిసినవాళ్లు ఇద్దరు పరిచయం రాసివ్వాలి. ఒకటి వీధి పెద్ద ఒకాయన రాసిచ్చాడు. రెండోదాని కోసం బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. 'నువ్వు టీచరువి, నీ మాటకు విలువుంటాది' అంది. అదే ఫెలోషిప్‌కు నేను పోటీలో ఉన్నానని ఆమెకు తెలుసు. అయినా అడిగింది. అది అమాయకత్వమా, మరేదైనానా అన్నది నాకు అప్పుడు అర్థం కాలేదు.

కాదనలేదు. కాదంటే చిన్నబోయేది నేనే. కూర్చుని రాశాను. ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. 'ఈమె నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. పదో తరగతి వరకే చదివింది. చరిత్ర పరిశోధనలో శిక్షణ లేదు. తేదీలు, ఆధారాలు అన్నవాటి మీద పట్టింపు లేదు. ఎవరింటికి పోయినా గంటల తరబడి కూర్చుంటుంది. తను మాట్లాడదు, వాళ్లు చెప్పేదంతా వింటుంది. ఎవరు ఏమన్నారో ఏళ్ల తర్వాత కూడా మాట పొల్లుపోకుండా చెబుతుంది. ఇది పరిశోధన అవుతుందో కాదో పెద్దలే నిర్ణయించాలి.' ఆ చివరి వాక్యం రాసి, కాగితం దూరంగా పట్టుకుని చూసుకుని, నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. ఎవరూ నన్ను తప్పు పట్టలేరు, ఎవరూ ఆమెను తీసుకోలేరు. అంటిస్తే అనుమానపడుతుందేమోనని కవరు అంటించకుండానే చేతికిచ్చాను. అత్త వసారాలో కూర్చుని మమ్మల్నిద్దరినీ చూస్తూ ఉంది.

ఇద్దరికీ కడపలో ఒకేరోజు ఇంటర్వ్యూ పెట్టారు. ఒకే బస్సులో పోయాం. నా సంచీలో నలభై పేజీల ప్రతిపాదన, కోట బురుజుల ఫొటోలు, వంశవృక్షాలు. ఆమె సంచీలో నిమ్మకాయ పులిహోర. లోపల ముగ్గురు కూర్చున్నారు. నేను రాజుల గురించి చెబుతుంటే శ్రద్ధగానే విన్నారు. చివర్లో వాళ్లలో వయసు మళ్లిన ఒకావిడ, 'ఇందులో ఇప్పటికే పుస్తకాల్లో లేనిది ఏముందమ్మా' అని అడిగింది. మర్యాదగానే అడిగింది. నేను రెండు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి, ఏదో చెప్పాను. తర్వాత మా తోడికోడలు లోపలికి పోయింది. నేను బయట బెంచీ మీద కూర్చుని గోడ గడియారం చూస్తూ ఉన్నాను. నాకు పట్టినదానికి రెండింతల సేపు పట్టింది. మధ్యలో లోపలి నుంచి నవ్వులు వినపడ్డాయి.

తిరుగు బస్సులో కమలాపురం దాటేదాకా ఓర్చుకున్నాను. ఇంక ఆగలేక, 'ఏమడిగినారుమ్మే' అన్నాను.

'ఏముందక్కా, నీ ఉత్తరమే చదివిరి. పెద్దగా, మొత్తం చదివిరి. వాళ్లలో ఒకాయన, ఈ టీచరమ్మ ఎవరో గానీ నిన్ను శానా బాగా పట్టుకుండాదే అనె. మాకు కావాల్సింది ఇట్లా వినేవాళ్లే అనె.' అంతా చెప్పి, పులిహోర డబ్బా మూత తీసి నా వైపు జరిపింది. ఆ ముఖంలో ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను. పసుపన్నం, వేయించిన శనక్కాయలు తప్ప నాకేమీ కనపడలేదు.

నెల తర్వాత ఆమెకు ఫెలోషిప్ వచ్చింది. నా మాటలతోనే వచ్చింది. ఎగతాళికి రాసిన ప్రతి వాక్యాన్నీ వాళ్లు మెచ్చుకోలుగా చదువుకున్నారు. ఈ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసనుకున్నాను, అదే నరకం. కడుపుమంట అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. నిజంగానే నాకు ఆ వేసవంతా పొట్టలో మంట. డాక్టరు కారం తగ్గించమన్నాడు. కారం దోసె మానేశాను, మంట మానలేదు. పేపరు జిల్లా పేజీలో ఆమె ఫొటో వేశారు. ఫొటో కోసం కట్టుకుంటానని నా దగ్గర్నుంచే నెమలికంఠం రంగు పట్టుచీర అడిగి తీసుకుపోయింది. పేపరు తెరిస్తే నా చీర నవ్వుతోంది, ముఖం మాత్రం వేరేవాళ్లది. బ్యాంకులో, కూరగాయల మార్కెట్లో, 'పేపర్లో వచ్చింది మీ తోడికోడలే గదా మేడం' అని అడిగేవాళ్లు. ముప్పై ఏళ్లు ఊళ్లో సగం మంది ఆడపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, చివరికి ఫలానావాళ్ల తోడికోడలినయ్యాను. మా ఆయన దీన్ని హాస్యంగా తీసుకున్నాడు. 'ఫెలో అంటే మగాడనుకుంటి ఇన్నాళ్లు, మనింట్లో ఆడ ఫెలో తయారాయె' అని వచ్చినవాళ్లందరితో చెప్పి తనే నవ్వుకునేవాడు. ఆయనకు రెండు రోజులు ఉప్మా తప్ప ఏమీ చేసి పెట్టలేదు.

ఆమె ఇంటికి వచ్చినప్పుడల్లా నేను తలనొప్పని లోపలికి పోయి పడుకునేదాన్ని, లేకపోతే వంటింట్లో పని కల్పించుకునేదాన్ని. ఆమె అత్త దగ్గర కూర్చునేది. వసారాలోంచి గొంతులు వినపడేవి, మాటలు వినపడేవి కావు. నేను వినాలనుకోనూ లేదు.

ఆ ఏడు కార్తీకంలో ఆమె నాకు ఫోన్ చేసి, పులివెందులకు తోడు రమ్మంది. జమ్మలమడుగు మిద్దెకు చివరిసారి గచ్చు కొట్టినవాళ్లలో ఒక అవ్వ ఇంకా బతికి ఉందట, కూతురి దగ్గర ఉంటోందట. పోవడానికి నేను ఒప్పుకున్నది సాయం చేద్దామని కాదు. ఒక్కసారైనా ఆమె తప్పు చేస్తుంటే కళ్లారా చూద్దామని. ఊరి బయట చీనీకాయల తోట పక్కన చిన్న ఇల్లు. అవ్వ ఎండలో కూర్చుని చేటలో శనక్కాయలు ఒలుచుకుంటోంది. నాకు కుర్చీ వేశారు. నేను నోటుపుస్తకం తీశాను.

'అవ్వా, ఆ గచ్చు ఏ సంవత్సరంలో వేసినారు?'

'యాడ గుర్తుంటాది తల్లీ.'

'సున్నం ఎంత, ఇసుక ఎంత కలుపుతారు?'

'చూసి ఏస్తాంటిమి.'

'అప్పుడు మేస్త్రి ఎవరు?'

'ఉండె ఒకాయన' అని అవ్వ తల కూడా ఎత్తలేదు. నాకు లోపల ఒక తృప్తి కలిగింది. ఈమె ఎవరికీ చెప్పదు, మా తోడికోడలికి కూడా చెప్పదు అనుకున్నాను. మా తోడికోడలు అప్పటిదాకా నోరు తెరవలేదు. నేలమీద కూర్చుని, చేట రెండో అంచు తన వైపు లాక్కుని, తనూ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. పావుగంట అట్లాగే గడిచింది. నేను గడియారం చూసుకున్నాను. అప్పుడు, ఏదో గింజల గురించి అడిగినంత మామూలుగా అంది:

'అవ్వా, సున్నం చేతులు కొరుకుతాది గదా. పొద్దుగూకి అన్నం ఎట్ల తింటాంటిరి?'

అవ్వ చేతిలో కాయ పక్కన పెట్టింది. రెండు అరచేతులూ చాచి చూపించింది. 'ఆముదం పూసుకుంటాంటిమి. సంగటి ముద్ద పట్టుకుంటే మంట పుడతాండె. మా యమ్మ నాకు ముద్దలు చేసి నోట్లో పెడతాండె, ఆమె చేతులు అప్పటికే మొద్దుబారిపోయినాయి. నా పెండ్లినాడు ఈ చేతులకు గోరింటాకు పండలేదు పాపా.' అంతే, కట్ట తెగినట్టు మాటలు వచ్చాయి. సున్నం ఎన్ని రోజులు నాననివ్వాలి, కరక్కాయ నీళ్లు ఎప్పుడు పోయాలి, బెల్లం నీళ్లు ఎంత చిక్కగా ఉండాలి, చెక్కలతో కొడుతుంటే చప్పుడు ఎట్లా మారితే గచ్చు పట్టినట్టు, అన్నీ చెప్పింది. కొట్టేటప్పుడు పాటలెందుకు పాడిస్తారో కూడా చెప్పింది. 'నోరు ఖాళీగా ఉంటే బెల్లం తింటామని పాడిస్తాండిరి. మేము పాట పాడుకుంటానే తింటాంటిమి' అని నోరంతా తెరిచి నవ్వింది. మా తోడికోడలి ఫోన్ చేట పక్కన అన్నీ రికార్డు చేసుకుంటూ ఉంది. ఆ ఫోన్ మీద శనక్కాయ పొట్టు పడింది. దాన్ని ఆమె ఊదను కూడా ఊదలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె నిద్రపోయింది. నేను కిటికీ పక్కన కూర్చుని, నా జీవితంలో ఎంతమంది ముసలివాళ్లను 'ఏ సంవత్సరం' అని అడిగానో లెక్కపెట్టుకోబోయి మానేశాను. అంతవరకు ఆమెకు వచ్చిన ఫెలోషిప్ చూసి కుళ్లుకున్నాను. ఆ సాయంత్రం నుంచి ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్న చూసి కుళ్లుకున్నాను. రెండోది చాలా లోతుగా తగిలింది. ఫెలోషిప్ ఇంకో ఏడాది నాకు రావచ్చు. అట్లాంటి ప్రశ్న నాకు ఎప్పటికీ తోచదు.

మాఘమాసంలో, ఎండలు ముదరకముందే గచ్చు పని పెట్టారు. సంస్థవాళ్లు సామాను సమకూర్చారు. ఏడాది ఆగి చూద్దామని, ఆ తర్వాతే కూల్చే మాట ఎత్తుదామని వీధి పెద్దలు ఒప్పుకున్నారు. అంటే ఆ మిద్దె ప్రాణమంతా ఆ కప్పు మీదే ఉంది. వానకు కురిసిందంటే అంగళ్లు లేస్తాయి. పులివెందుల అవ్వను కారులో తీసుకొచ్చి, కుర్చీతో సహా నలుగురు పైకి మోశారు. గొడుగు కింద కూర్చుని, చేతికర్రతో ఇక్కడ అక్కడ చూపిస్తూ, 'ఆడ పలచనైంది, ఇంకో దెబ్బ' అని ఆమె అంటుంటే, వీధిలో ఆడవాళ్లు ఇరవై మంది దాకా వరసగా కూర్చుని చెక్కలతో కొడుతున్నారు. నేను చూసి పోదామని వచ్చాను. అవ్వ నన్ను చూసి, 'కుర్చీలో కూచునే అమ్మా, నువ్వు గూడా ఒక చెక్క పట్టు' అంది. అందరూ నవ్వారు. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి కూర్చున్నాను. గంటకే అరచేతులు బొబ్బలెక్కాయి.

మధ్యాహ్నం భోజనాలకు ఆపారు. మెట్ల నీడలో నేనూ, మా తోడికోడలూ కూర్చున్నాం. నా చేతులు మండుతుంటే ఆమె ఆముదం తెచ్చి రాస్తోంది. ఆ వేళ్లు నా అరచేతి మీద ఉండగా ఇంక దాచుకోలేకపోయాను.

'మ్మే, ఆ ఉత్తరం నేను మంచికి రాయలేదు' అన్నాను.

'తెలుసక్కా.'

'ఏం తెలుసు?'

'చదివినా. ఆ రోజే బస్సులో చదివినా. కవరు తెరిచే ఉండె గదా.' ఆమె నా చేయి వదల్లేదు.

'మరి యాల పంపిస్తివి?'

'దారిలోనే చించి పారేద్దామనుకుంటి. మళ్లా ఒకసారి చదివితే అబద్దమేమీ కనపడలా. నాకు చదువు లేదు, నిజమే. కూచుని వింటా, అది గూడా నిజమే. మీ మరిది గూడా నన్ను అంతగా చూసింది లేదు. నువ్వు కుళ్లుతో రాసినావు, అయినా నన్ను చూసే రాసినావు.' రెండో చేయి ఇమ్మని సైగ చేసింది. 'నేను గూడా నిన్ను చూసి కుళ్లుకున్యాలే. నువ్వు చేతికి గడియారం కట్టుకొని, చీరకు పిన్ను పెట్టుకొని బడికి పోతాంటే, ఇరవై ఏండ్లు. నీకెవురూ చెప్పలా, అంతే.'

ఆమె పెద్దమనసు చూసి సంతోషించానని రాస్తే బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. ఇంత పెద్దమనసు కూడా ఈమెకే ఉండాలా అనిపించింది. అసూయ అనేది పాడు గుణం, పెట్టిందల్లా తింటుంది. పైనుంచి అవ్వ పిలిస్తే లేచి పోయాం.

ఆ వానాకాలం ఈశాన్యం మూల ఒక్కచోట తప్ప మిద్దె కురవలేదు. ఆ మూల కొట్టింది నేనేనని అవ్వ ఫోన్లో చెప్పి పంపింది. మిద్దె ఇంకా నిలబడే ఉంది. వెనకగదులు శుభ్రం చేసి, వీధి పిల్లలు చదువుకోవడానికి వదిలారు. ఆ చలికాలంలోనే మా అత్త పోయింది. పెద్ద వయసు, పెద్దగా బాధపడకుండానే పోయింది. పదకొండో రోజు దాటాక మా తోడికోడలు నా దగ్గరికి వచ్చి, తన రికార్డింగులన్నీ విని కాగితం మీద పెట్టమని అడిగింది. పుస్తకం చేయాలట. 'నాకు వినడమొచ్చు, రాయడం నీకొచ్చు' అంది. ఒప్పుకున్నాను. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోజూ మధ్యాహ్నాలు కూర్చునేదాన్ని. జాకెట్టు కుట్టించుకోవడానికొచ్చినవాళ్లు, మగ్గం నేసినవాళ్లు, గంజి తాగినవాళ్లు, పులివెందుల అవ్వ, ఒకరి తర్వాత ఒకరు నా చెవిలో మాట్లాడారు.

ఒకరోజు ఒక రికార్డింగు తెరిస్తే మా అత్త గొంతు.

కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆ మిద్దెలో పూర్వం సాయంత్రాలు ఆడపిల్లలకు ఒక అయ్యవారు అక్షరాలు నేర్పేవాడట. మా అత్త పుట్టిల్లు ఆ వీధిలోనే అట. రెండేళ్లు పోయిందట, గుణింతాలు, ఒత్తులు అన్నీ వచ్చాయట, పెద్దమనిషి కాగానే మాన్పించారట. ఈ ఇంట్లో ఎప్పుడు ఏ కాగితం వచ్చినా ఆమె ముందుకు సిరాపెట్టె జరిపి వేలిముద్ర వేయించినవాళ్లమే మేమందరం. ఒక్కసారి కూడా, సంతకం పెడతావా అత్తా అని నేను అడగలేదు. రికార్డింగులో చిన్నమ్మి అదే అడిగింది: 'ఇప్పుడు గూడా చదువుతావా అత్తా?'

'చదువుతా. పెద్దమ్మి బడికి పోయినాక పేపరు చదువుకుంటాంటి. కూడబలుక్కుంటా, పొద్దు పోయేదాకా. ఇప్పుడు ఆయమ్మి ఇంట్లోనే ఉండాది గదా, నిద్రపోయినప్పుడు చదువుతా.'

'అక్కతో చెప్పకూడదా?'

'వద్దులేమ్మీ. ఆయమ్మి టీచరు. తప్పు చదివితే దిద్దుతాది.'

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. గుట్టుగా, వంటింట్లోకి వినపడకుండా. అంతలో రికార్డింగులో వెనకనుంచి కుక్కర్ విజిల్ వేసింది. దాని వెంటనే నా గొంతు, కాస్త చిరాగ్గా, 'అత్తా, కాఫీ తాగుతావా' అని వచ్చింది. పేపరు మడిచిన చప్పుడు. 'తాగుతా పెద్దమ్మీ' అంది మా అత్త.

ఆ ముక్క ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో చెప్పలేను. మా తోడికోడలికి ఫోన్ చేసి, ఎందుకు చెప్పలేదని అడిగాను. 'ఆమె చెప్పద్దనె అక్కా. ఆమె గొంతుతోనే నువ్వు వినాలనిపించె' అంది. కోపం రాలేదు. ఇరవై ఐదేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆమె గురించి నాకు తెలియనిది, నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నదానికి తెలిసింది. ఆ కుళ్లు మాత్రం ఇప్పటికీ ఉంది, ఉండనీ అనుకుంటున్నాను. ఆ పేజీలు నేనే రాశాను. మా అత్త అన్న మాటల్లో ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. గడిచిపోయిన కాలాన్నే చరిత్ర అంటారని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పాను. అది వసారాలో ఇంకా గడుస్తూ ఉన్నప్పుడు మాత్రం, పొయ్యి దగ్గర నిలబడి విజిళ్లు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.